బాల్యస్వప్నం

ఉద్దేశం

సంగీతానికి భాషాభేదం లేదని మనం తరచుగా అంటుంటాం. ఒక దేశంలో పుట్టిన స్వరరచన మరొక దేశపు శ్రోతను ఎందుకు కదిలిస్తుందో మాత్రం అంతగా ఆలోచించం. జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ 1838లో రచించిన ఒక చిన్న పియానో రచనను ఆధారంగా చేసుకొని, ఆ రచన పుట్టుక, నిర్మాణం, ప్రభావాలను వివరించడం ఈ పాఠం ఉద్దేశం. కళలోని అందాన్ని అనుభవించడమే కాక, దానికి కారణాలను వెదికే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం కూడా దీని ధ్యేయం.

పాఠం

బాల్యం గడుస్తున్నప్పుడు దాని విలువ మనకు తెలియదు. తెలిసే నాటికి అది చేజారిపోయి ఉంటుంది. అందువల్లనే బాల్యాన్ని గురించి గొప్పగా చెప్పినవారిలో పిల్లలు తక్కువ, పెద్దలు ఎక్కువ. కవులు దానిని మాటలలో పట్టుకోవాలని ప్రయత్నించారు. చిత్రకారులు రంగులలో నిలపాలని చూశారు. మాట గాని, రంగు గాని తోడు లేకుండా కేవలం స్వరాలతోనే ఆ పని చేసినవారిలో అగ్రగణ్యుడు రాబర్ట్ షూమన్. ఆయన రచించిన 'ట్రోయ్‌మెరై' అనే పియానో రచన వాయించడానికి మూడు నిమిషాలైనా పట్టదు. అయినా పుట్టి నూట ఎనభై సంవత్సరాలు దాటిన తరువాత కూడా అది ప్రపంచమంతటా వినిపిస్తూనే ఉంది.

జర్మన్ భాషలో 'ట్రోయ్‌మెరై' అంటే మేలుకొని ఉండగానే కలలో మునిగిపోవడం. తెలుగులో దీనికి 'పగటికల' అనే మాట ఉంది గాని, ఆ మాటలో కొంత ఎగతాళి ధ్వనిస్తుంది. పని మాని పగటికలలు కంటున్నావా అని పెద్దలు మందలించడం మనకు తెలిసినదే. షూమన్ చెప్పిన కలలో ఆ ఎగతాళి లేదు. ఆడి అలసిన పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చొని, చూపు ఎక్కడో నిలిపి, తనను తాను మరచిపోయిన స్థితి అది. దానిని 'స్వప్నలీనత' అనుకుంటే కొంతవరకు సరిపోతుంది.

షూమన్ 1810వ సంవత్సరం జూన్ 8న జర్మనీలోని జ్వికావ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి పుస్తక విక్రేత, ప్రచురణకర్త. పుస్తకాల మధ్య పెరిగిన ఆ బాలునికి సాహిత్యం, సంగీతం రెండు కళ్ళయినాయి. 1826లో తండ్రి మరణించాడు. కుమారుడు న్యాయవాది కావాలని తల్లి కోరిక. ఆమె మాట కాదనలేక అతడు 1828లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర విద్యార్థిగా చేరాడు. కాని మనసు పియానో మీదనే ఉంది. చివరకు తల్లిని ఒప్పించి, 1830లో ఫ్రీడ్రిష్ వీక్ అనే ప్రసిద్ధ సంగీత గురువు వద్ద శిష్యునిగా చేరి, కొంతకాలం ఆయన ఇంటనే నివసించాడు. గొప్ప పియానో విద్వాంసుడు కావాలన్నది అతని ఆశయం. అయితే కుడిచేతి వేళ్ళు దెబ్బతినడం వల్ల ఆ ఆశయం నెరవేరలేదు. వాయించవలసిన చేతులు మొరాయించడంతో ఆయన స్వరరచనకు అంకితమయ్యాడు. 1834లో ఒక సంగీత పత్రికను స్థాపించి విమర్శకునిగా కూడా పేరు పొందాడు.

గురువుగారి కుమార్తె క్లారా. షూమన్ ఆ ఇంట అడుగుపెట్టేనాటికి ఆమెకు పదకొండేళ్ళు. అప్పటికే ఆమె సభలలో పియానో వాయించి పేరు తెచ్చుకొన్న బాల విద్వాంసురాలు. తల్లిదండ్రులు విడిపోవడం వల్ల ఆమె చిన్ననాడే తల్లికి దూరమైంది. తండ్రి పెట్టిన కఠినమైన క్రమశిక్షణలో ఆమె బాల్యం సాధనతోనే గడిచింది. అటువంటి ఇంటిలో షూమన్ ఆ పిల్లలకు కథలు చెప్పేవాడు, పొడుపుకథలు విప్పమనేవాడు, దయ్యాల కథలతో భయపెట్టి నవ్వించేవాడు. సాధన తప్ప మరొకటి ఎరుగని ఆ బాలికకు ఆ సాయంకాలాలే బాల్యమై ఉంటాయి.

కాలక్రమంలో ఆ స్నేహం ప్రేమగా మారింది. 1837 ఆగస్టులో వారిద్దరు రహస్యంగా వివాహ నిశ్చయం చేసుకొన్నారు. తండ్రి వీక్ ఈ వివాహానికి ససేమిరా అంగీకరించలేదు. స్థిరమైన ఆదాయం లేని స్వరకర్తకు తన కుమార్తెను ఇవ్వడం ఆయనకు ఇష్టం లేదు. ఆమెను వెంటబెట్టుకొని కచేరీల కోసం ఆస్ట్రియా రాజధాని వియన్నాకు తరలివెళ్ళాడు. అక్కడ క్లారా జయజయధ్వానాలు అందుకొంటుండగా, షూమన్ లైప్‌జిగ్‌లో ఒంటరిగా మిగిలిపోయాడు. ఇద్దరి మధ్య ఉత్తరాలే వారధి.

ఆ ఉత్తరాలలో ఒకదానిలో క్లారా, నీవు అప్పుడప్పుడు నాకు చిన్నపిల్లవానిలా కనిపిస్తావు అనే అర్థం వచ్చేలా ఒక మాట వ్రాసింది. ఆమె వేళాకోళానికి అన్నదో, ముద్దుకు అన్నదో గాని ఆ మాట షూమన్ మనసులో నాటుకొంది. 1838 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆయన ఇంచుమించు ముప్పై చిన్న రచనలు చేశాడు. వాటిలో కొన్నింటిని ఏరి, 'కిండర్‌త్సేనెన్' అని పేరుపెట్టాడు. 'చిన్ననాటి దృశ్యాలు' అని దాని అర్థం. ఆ మాటకు ప్రతిధ్వనిగా ఇవి పుట్టాయని, విద్వాంసురాలినన్న సంగతి మరచిపోయి వీటిని వాయించమని మార్చి నెలలో ఆమెకు వ్రాశాడు. 1839లో లైప్‌జిగ్‌లో ఆ సంపుటి పదమూడు రచనలతో అచ్చయింది.

ఆ పదమూడింటి పేర్లు చదువుతుంటే ఒక పిల్లవాని దినచర్య కళ్ళకు కడుతుంది. మొదటిది దూరదేశాలను, అక్కడి మనుషులను గురించి విన్న కథ. తరువాత ఒక వింత కథ, పట్టుకొనే ఆట, ఏదో కావాలని మారాం చేసే బిడ్డ, అది దొరికిన ఆనందం, ఇంటిలో జరిగిన ఒక ముఖ్య సంఘటన. ఏడవది 'స్వప్నలీనత'. దాని తరువాత చలిమంట దగ్గర కూర్చోవడం, కొయ్యగుర్రం మీద స్వారీ, ఉన్నట్టుండి పెద్దరికం, భయపెట్టే ఆట, నిద్రలోకి జారుకొనే బిడ్డ. ఈ పన్నెండవ రచన ముగింపు స్వరం చేరకుండానే నిలిచిపోతుంది. కథ వింటూ వింటూ బిడ్డ 'ఊ' కొట్టడం మానివేసినట్లుంటుంది. పదమూడవది 'కవి పలుకుతున్నాడు'. ఇంతవరకు కనిపించిన బాల్యమంతా ఒక పెద్దమనిషి జ్ఞాపకమని అక్కడ మనకు తెలుస్తుంది. పదమూడింటిలో ఆరు ముందు, ఆరు వెనుక ఉండగా నట్టనడుమ దీపంలా ఉన్నదే 'స్వప్నలీనత'.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇవి పిల్లలు వాయించడానికి వ్రాసినవి కావు. పెద్దవాడు పెద్దల కోసం వెనుదిరిగి చూసిన చూపు ఇది. పిల్లలు నేర్చుకోవడానికి షూమన్ పది సంవత్సరాల తరువాత, 1848లో 'బాలల సంపుటి' అనే వేరొక గ్రంథాన్ని కూర్చాడు. అప్పటికి ఆయన స్వయంగా తండ్రి. ఈ భేదాన్ని గుర్తించక, ఒక ఏడ్చే పిల్లవానిని ఎదుట కూర్చోబెట్టుకొని ఆ ఏడుపును స్వరపరచినట్లు ఉన్నదని ఆనాటి విమర్శకుడొకడు భావించాడు. షూమన్ దీనికి నొచ్చుకొన్నాడు. ముందు పుట్టింది సంగీతమని, పేర్లు తరువాత పెట్టినవని, అవి వాయించేవారికి, అర్థం చేసుకొనేవారికి చిన్న సూచనలు మాత్రమేనని ఆయన వివరణ.

ఇక రచన స్వరూపాన్ని పరిశీలిద్దాం. ముందుగా వాద్యాన్ని గురించి రెండు మాటలు. పియానోను క్రీ.శ. 1700 ప్రాంతంలో ఇటలీ దేశీయుడు క్రిస్టోఫోరి రూపొందించాడు. మన పద్యనాటకాలలో వినిపించే హార్మోనియంకు వలెనే దీనికీ మెట్లు ఉంటాయి. కాని స్వరం పుట్టే తీరు వేరు. హార్మోనియంలో తిత్తి నుండి వచ్చే గాలి ఆడుతున్నంతసేపు స్వరం నిలుస్తుంది. పియానోలో మెట్టును నొక్కితే లోపల ఒక చిన్న సుత్తి తీగను తాకి వెనుకకు వస్తుంది. తాకిన మరుక్షణం నుండే నాదం క్షీణించడం మొదలవుతుంది. గమకాలు పలికించే అవకాశం లేదు. పుట్టగానే సన్నగిలిపోయే స్వరాలను ఒకదానితో ఒకటి కలిపి, అవి ఒకే శ్వాసలో పాడుతున్నట్లు భ్రమ కలిగించడంలోనే వాదకుని ప్రతిభ ఉంది. గడిచిపోయిన బాల్యాన్ని చెప్పడానికి ఇంతకంటె తగిన వాద్యం మరొకటి ఉండదేమో.

పాశ్చాత్యులు ఈ రచన స్వరస్థాయిని 'ఎఫ్ మేజర్' అంటారు. ఆ 'ఎఫ్'ను మనం షడ్జమంగా తీసుకొంటే ఇందులోని ప్రధాన స్వరాలు శంకరాభరణ రాగ స్వరాలతో సరిపోతాయి. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీల ధోరణిలో కూర్చిన నొట్టుస్వరాలు శంకరాభరణంలో ఉండడానికి కారణం ఈ సామ్యమే. అయితే మన సంగీతం ప్రధానంగా ఒకే స్వరధారను అనుసరించి నడుస్తుంది. పాశ్చాత్య సంగీతంలో ఆ ధార కింద ఏకకాలంలో మరికొన్ని స్వరాలు పలుకుతూ ఉంటాయి. వీటి కలయికను 'హార్మొనీ' అంటారు. మనం స్వరసమ్మేళనం అనవచ్చు. పైధార మారకపోయినా కింది స్వరాలు మారితే భావం మారిపోతుంది. ఒకే ముఖం మీద వెలుగు ఒకసారి ఉదయానిది, ఒకసారి సాయంకాలానిది అయినట్లు.

రచన ఒంటరి మంద్ర పంచమంతో మొదలవుతుంది. అక్కడి నుండి షడ్జమానికి ఎగిరి కొంతసేపు నిలుస్తుంది. ఆలోచనలో పడిన మనిషి ఆగినట్లుంటుంది ఆ నిలకడ. ఆ తరువాత ని, స, గ, ప అంటూ మెట్టుమెట్టుగా ఎక్కి తారషడ్జమాన్ని అందుకొంటుంది. అందుకొన్న వెంటనే నెమ్మదిగా, మలుపులు తిరుగుతూ కిందికి దిగుతుంది. రచన అంతా ఈ ఒక్క ఎత్తుగడ మీదనే నిర్మితమైంది. మొత్తం ఇరవై నాలుగు ఆవృత్తాలు. నాలుగేసి ఆవృత్తాల చొప్పున ఆరు చరణాలు. ఆరింటిలోను అదే ఎగరడం, అదే ఆగడం, అదే ఎక్కడం.

అయినా విసుగు పుట్టదు. ఎందువల్ల? మొదటి చరణం తారషడ్జమం వద్ద ఆగితే, రెండవది ఇంకొంచెం సాహసించి తారగాంధారాన్ని అందుకొంటుంది. మూడు, నాలుగు చరణాలలో ఆధారస్వరమే మారిపోయి, ఎత్తుగడ పరిచితమైనదే అయినా చోటు కొత్తదవుతుంది. ఇల్లు విడిచి దూరం వెళ్ళినట్లు అక్కడ కొంత దిగులు తొంగిచూస్తుంది. ఐదవ చరణం మొదటి చరణాన్ని తిరిగి తెస్తుంది. ఇంటికి చేరిన భావం కలుగుతుంది. ఆరవ చరణం మళ్ళీ తారగాంధారాన్ని అందుకొంటుంది. రెండవ చరణంలో విన్న స్వరమే అది. కాని దాని కింది స్వరగుచ్ఛం ఈసారి వేరు. విశాలంగా, వెచ్చగా, ఎన్నడూ విననట్లుగా విచ్చుకొంటుంది. ఆ స్వరగుచ్ఛం మీద ఆగమని షూమన్ ఒక విరామ చిహ్నం ఉంచాడు. కాలం ఒక్క క్షణం నిలిచిపోయినట్లవుతుంది. తరువాత వేగం తగ్గుతూ, నాదం సన్నగిల్లుతూ రచన షడ్జమం మీద ముగుస్తుంది. కోరుకొన్నది ఒకసారి అందింది, అందగానే కల కరిగింది.

ఇందులో లయ కూడా విచిత్రమైనది. ఆవృత్తానికి నాలుగు మాత్రలు ఉన్నా, తాళం వేసేందుకు తగిన ఊనిక సాధారణంగా ఎక్కడ వినిపించాలో అక్కడ వినిపించదు. స్వరం ఒక ఆవృత్తం గీతను దాటి మరొకదానిలోకి జారిపోతుంది. కలలో గడియారం పనిచేయదు గదా! వేగం విషయంలోను భిన్నాభిప్రాయాలున్నాయి. తొలి ముద్రణలో నిమిషానికి నూరు మాత్రల వేగం సూచించబడింది. తరువాతి కాలంలో క్లారా సంస్కరించిన ప్రతిలో అది ఎనభైకి తగ్గింది. నేటి వాదకులు పెక్కుమంది అంతకంటె నెమ్మదిగా వాయిస్తున్నారు.

ఈ చిన్న రచనను ఆధారం చేసుకొని 1920లో ఒక పెద్ద వివాదమే నడిచింది. హాన్స్ ఫిట్స్‌నర్ అనే జర్మన్ స్వరకర్త, ఇటువంటి బాణీ అందాన్ని వివరించడం అసాధ్యమని, అది తెలిసినవానికి చెప్పనక్కరలేదని, తెలియనివానికి చెప్పి ప్రయోజనం లేదని వాదించాడు. ఆస్ట్రియాకు చెందిన యువ స్వరకర్త ఆల్బన్ బెర్గ్ ఆ వాదాన్ని అంగీకరించలేదు. 'ట్రోయ్‌మెరై'నే తీసుకొని, ఒక చిన్న స్వరసముదాయం ఎలా రూపాంతరం చెందుతున్నదో, కింది స్వరాలు దానిని ఎలా మోస్తున్నాయో విశ్లేషించి చూపాడు. అందానికి కారణాలు ఉన్నాయని, వాటిని గుర్తించవచ్చునని ఆయన నిరూపించదలచాడు.

ఈ వాదం మన సాహిత్యానికి కూడా వర్తిస్తుంది. ఒక పద్యం చదివి 'ఆహా' అని ఊరుకోవడం ఒక పద్ధతి. ఆ 'ఆహా' ఎక్కడి నుండి వచ్చింది, ఏ పదం వల్ల, ఏ యతి వల్ల, ఏ భావం మలుపు వల్ల వచ్చింది అని వెదకడం మరొక పద్ధతి. విశ్లేషణ వల్ల అందం చెడిపోతుందని కొందరి భయం. ఆరవ చరణంలోని స్వరగుచ్ఛం సంగతి తెలిసినవాడు దాని కోసం ఎదురుచూస్తాడు. అది వచ్చినప్పుడు తెలియనివాని కంటె మిన్నగా ఆనందిస్తాడు. కనుక తెలుసుకోవడం వల్ల అనుభూతి తగ్గదు. అయితే ఫిట్స్‌నర్ మాటలోను కొంత సత్యం ఉన్నది. కారణాలన్నీ చెప్పిన తరువాత కూడా, అదే విధంగా మరొక 'ట్రోయ్‌మెరై'ని తయారుచేయడం ఎవరికీ సాధ్యం కాదు.

షూమన్, క్లారాల కథ తరువాత ఏమయింది? వారు న్యాయస్థానాన్ని ఆశ్రయించి, వీక్ అభ్యంతరాలను తోసిపుచ్చి, 1840 సెప్టెంబరు 12న వివాహం చేసుకొన్నారు. మరునాటికి క్లారాకు ఇరవై ఒకటవ ఏడు నిండింది. ఎనిమిది మంది బిడ్డలు కలిగారు. కాని షూమన్‌ను మానసిక వ్యాధి వెంటాడింది. 1854 ఫిబ్రవరిలో ఆయన రైన్ నదిలో దూకగా రక్షించారు. తరువాత తన కోరిక మీదనే బాన్ నగరం సమీపంలోని చికిత్సాలయంలో చేరి, 1856 జూలై 29న అక్కడే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఆరు సంవత్సరాలు. క్లారా కచేరీలు చేసి బిడ్డలను పోషించింది. 1896లో మరణించేవరకు భర్త రచనలను లోకానికి అందించే బాధ్యతను మోసింది. చిన్నపిల్లవానిలా ఉన్నావని ఒకనాడు అన్న ఆమెయే ఆయన చిన్ననాటి దృశ్యాలకు సంరక్షకురాలైంది.

రచన ప్రయాణం అక్కడితో ఆగలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో స్టాలిన్‌గ్రాడ్ వద్ద జర్మన్ సేనలకు, సోవియట్ సేనలకు 1942-43లలో భీకర సంగ్రామం జరిగింది. లక్షలాది మంది నేలకొరిగారు. నేడు వోల్గోగ్రాడ్‌గా పిలువబడుతున్న ఆ నగరంలో మామయేవ్ కుర్గాన్ అనే కొండ మీద 1967లో స్మారక చిహ్నం వెలసింది. అక్కడ అఖండజ్యోతి వెలిగే మందిరంలో మరణించిన సోవియట్ సైనికుల స్మృతికి వినిపించే సంగీతం ఒక జర్మన్ స్వరకర్త కూర్చిన 'ట్రోయ్‌మెరై'. శత్రుదేశపు బాణీ అని వారు దానిని తోసిపుచ్చలేదు. ప్రతి సైనికుడూ ఒకనాటి పసివాడే అన్న సత్యాన్ని అంత సున్నితంగా చెప్పగల సంగీతం వారికి మరొకటి తోచలేదు కాబోలు.

1986 ఏప్రిల్ 20న మాస్కోలో మరొక ఘట్టం జరిగింది. కీవ్ నగరంలో పుట్టి, 1925లో దేశం విడిచివెళ్ళిన మహావాదకుడు వ్లాదిమీర్ హోరోవిట్జ్ అరవై ఒక్క సంవత్సరాల తరువాత అక్కడ కచేరీ చేశాడు. అప్పటికి ఆయనకు ఎనభై రెండేళ్ళు. ప్రధాన కార్యక్రమం ముగిసిన తరువాత శ్రోతల కోరికపై 'ట్రోయ్‌మెరై' వాయించాడు. సభలో కన్నీరు కారుస్తూ విన్నవారి ముఖాలను నాటి చలనచిత్రంలో ఇప్పటికీ చూడవచ్చు. ఆ వృద్ధుని వేళ్ళు ఎంతో కష్టమైన రచనలను పలికించగలవు. కాని ఇన్నేళ్ళకు స్వదేశం చేరినప్పుడు ఆయన ఎన్నుకొన్న వాటిలో పిల్లవాడైనా మెట్లు గుర్తుపట్టగలిగినంత సరళమైన ఈ రచన కూడా ఉన్నది.

బాల్యానికి తిరిగి వెళ్ళడం ఎవరికీ సాధ్యం కాదు. దాని వైపు ఒకసారి చేయి చాచడం సాధ్యమే. మంద్ర పంచమం నుండి తారగాంధారం దాకా సాగే ఆ చిన్న స్వరపంక్తి చేసేది అదే. అందుకొంటుంది, ఒక్క క్షణం నిలుస్తుంది, నెమ్మదిగా దిగివస్తుంది. వినడం ముగిసిన తరువాత మనం ఉన్నచోటనే ఉంటాం. కాని మనలో ఒకనాడు ఉండిన పసివాడు మనలను పలకరించి వెళ్ళినట్లు తోస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

అగ్రగణ్యుడు : మొదట లెక్కింపదగినవాడు
స్వప్నలీనత : కలలో మునిగి ఉండడం
ససేమిరా : ఎంతమాత్రం
వారధి : వంతెన
నట్టనడుమ : సరిగ్గా మధ్యలో
సామ్యం : పోలిక
మంద్రం : కింది స్థాయి
తార : పై స్థాయి
స్వరగుచ్ఛం : ఒకేసారి పలికే స్వరాల సమూహం
ఊనిక : ఒత్తి పలకడం
అఖండజ్యోతి : ఆరిపోకుండా వెలిగే దీపం

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. 'చిన్ననాటి దృశ్యాలు' సంపుటి పుట్టిన నేపథ్యాన్ని వివరించండి.
2. ఒకే ఎత్తుగడ ఆరుసార్లు వచ్చినా 'ట్రోయ్‌మెరై' విసుగు పుట్టించకపోవడానికి గల కారణాలను పాఠం ఆధారంగా విశ్లేషించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. హార్మోనియంకు, పియానోకు గల భేదమేమి?
2. ఫిట్స్‌నర్, బెర్గ్‌ల వాదాలలో మీరు దేనిని సమర్థిస్తారు? ఎందువల్ల?
3. వోల్గోగ్రాడ్ స్మారక మందిరంలో ఒక జర్మన్ బాణీ వినిపించడంలోని విశేషమేమి?

ఇ) ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. షూమన్ ఎక్కడ జన్మించాడు?
2. 'ట్రోయ్‌మెరై' సంపుటిలో ఎన్నవ రచన?
3. పిల్లల కోసం షూమన్ 1848లో కూర్చిన గ్రంథమేది?